సందేహానికి కావలసిన వ్యవధి

ఆధ్యాత్మిక గ్రంథాలను చదువుకోవడానికి వేగవంతమైన ఇంటర్నెట్ మేలా, అచ్చు పుస్తకం మేలా అన్న చర్చ వచ్చినప్పుడల్లా మాట సౌకర్యం మీదికో అలవాటు మీదికో మళ్లిపోతుంది. ఒకరు వేల గ్రంథాలు చేతిలోని ఫోనులోనే ఉన్నాయంటారు. మరొకరు పుటలు తిప్పడంలో ఉన్న తృప్తి వేరంటారు. ఈ రెండూ నాకు అంత ముఖ్యమైన విషయాలుగా తోచవు. గ్రంథం చదువుతున్నవారి మనసులో ఒక సందేహం పుట్టడానికీ దానికి సమాధానం దొరకడానికీ మధ్య ఎంత కాలం గడుస్తుంది, ఆ కాలంలో చదువరి ఏం చేస్తారు అన్నదే అసలు విషయమని నేను చాలాకాలంగా అనుకుంటున్నాను. ఇంటర్నెట్ వేగం పెరిగేకొద్దీ ఆ వ్యవధి తగ్గుతూ వచ్చి ఇప్పుడు దాదాపు లేకుండా పోయింది. రైలు వేళలు తెలుసుకోవడానికో, ఒక మందు ఎలా పనిచేస్తుందో చూడడానికో అది లాభమే. ఉపనిషత్తునో గీతనో చదివేవారికి మాత్రం అది నష్టమనీ, ఆ నష్టాన్ని అచ్చు పుస్తకం ఇప్పటికీ చాలావరకు ఆపగలదనీ నా వాదన.

మాండూక్యోపనిషత్తు సంగతి చూడండి. అందులో ఉన్నవి 12 మంత్రాలే. తెర మీద వేలితో రెండుసార్లు జరిపితే ఉపనిషత్తు అయిపోతుంది. ఆ 12 మంత్రాలను ఆధారం చేసుకొని గౌడపాదాచార్యులు నాలుగు ప్రకరణాలలో 215 కారికలు (వివరణ శ్లోకాలు) రచించారు. మంత్రాలకూ కారికలకూ కలిపి శంకరాచార్యుల వ్యాఖ్యానమైన శంకరభాష్యం ఉంది. ఆ భాష్యానికి మళ్లీ ఆనందగిరి రాసిన టీక, అంటే వివరణ, ఉంది. ఇంత చిన్న మూలానికి ఇంత వ్యాఖ్యానం అవసరమైందంటే, ఆ మూలం ఎంతసేపట్లో చదివించుకుంటుందన్న లెక్క దానికి వర్తించదని అర్థం. ఏడో మంత్రం తురీయాన్ని, అంటే మెలకువ, కల, గాఢనిద్రలకు ఆవలి నాలుగోదాన్ని, చెప్పబోతూ ‘నాంతఃప్రజ్ఞం న బహిఃప్రజ్ఞం’ (లోపలి ఎరుక కాదు, బయటి ఎరుక కాదు) అని మొదలుపెట్టి వరుసగా నిషేధాలే చెబుతుంది. ప్రతి నిషేధం దగ్గరా ఆగి, ఇది నిజంగా కాదా, కాకపోతే నేను ఇంతకాలం దీన్నే ‘నేను’ అని ఎందుకు అనుకుంటున్నాను అని అడగకుండా ముందుకు పోతే ఆ మంత్రం ఒక పదాల జాబితాగా మిగిలిపోతుంది.

బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి ఆత్మను గురించి చెబుతూ వినాలి, మననం చేయాలి, నిదిధ్యాసనం (ఎడతెగని ధ్యానం) చేయాలి అన్నాడు. ఈ మూడింటిలో మొదటిదాన్ని మాత్రమే ఎవరైనా వేగవంతం చేయగలరు. మిగిలిన రెండూ కాలం పట్టే పనులు. విద్య ఎలా వస్తుందో చెప్పే ఒక ప్రసిద్ధ సంస్కృత శ్లోకం ప్రకారం శిష్యుడు నాలుగో వంతు ఆచార్యుని నుంచి, నాలుగో వంతు తన బుద్ధితో, నాలుగో వంతు తోటి విద్యార్థుల నుంచి గ్రహిస్తాడు. చివరి నాలుగో వంతు కాలక్రమంలో వస్తుంది. ఆచార్యులనూ సహాధ్యాయులనూ ఇంటర్నెట్ కొంతవరకు దగ్గర చేయగలదని ఒప్పుకోవచ్చు. కాలక్రమంలో రావలసిన ఆ చివరి భాగాన్ని ఏ వేగమూ తెచ్చి ఇవ్వలేదు.

ఈ మాటను నిజమైన ఉదాహరణ మీద పెట్టి చూస్తే నా ఉద్దేశం స్పష్టమవుతుంది. గీత రెండో అధ్యాయం 12వ శ్లోకంలో శ్రీకృష్ణుడు, నేను ఎప్పుడూ లేకపోలేదు, నీవూ లేకపోలేదు, ఈ రాజులూ లేకపోలేదు, ఇకముందు మనమందరం ఉండకపోవడమూ జరగదు అంటాడు. మూలాన్ని నిదానంగా చదివేవారికి ఇక్కడ ఒక ఇబ్బంది ఎదురవుతుంది. ఆత్మ ఒక్కటే అయితే ‘మనమందరం’ అని బహువచనం ఎందుకు? ఉపదేశం మొదలైన చోటే ఇన్ని ‘నేను’లు ఎందుకు? శంకరాచార్యులు ఈ బహువచనం దేహాల భేదాన్ని అనుసరించి వచ్చిందే తప్ప ఆత్మభేదాన్ని ఉద్దేశించి కాదన్నారు. రామానుజాచార్యులు ఇదే బహువచనాన్ని ఆధారంగా తీసుకొని, భగవంతునికీ జీవులకూ, జీవులకు పరస్పరమూ ఉన్న భేదం యథార్థమేనని, ఉపదేశకుడు స్వయంగా చెప్పిన మాటను ఔపచారికమని, అంటే మాటవరసకు అన్నదని, ఎలా తోసిపుచ్చగలమని నిలబడ్డారు. రెండు మహాదర్శనాలు ఒక శ్లోకంలోని వచనం దగ్గర వేరుపడుతున్నాయి. ఆ వచనం దగ్గర తడబడి, కొన్నాళ్లు ఆ తడబాటుతో గడిపినవారికి ఈ రెండు భాష్యాలూ ప్రాణం ఉన్న వాదాలుగా వినిపిస్తాయి.

ఇప్పుడు అదే శ్లోకాన్ని ఫోనులో వెతికినవారికి ఏం జరుగుతుంది? మూలం, పదవిభాగం, తాత్పర్యం, నాలుగైదు వ్యాఖ్యానాల సారం ఒకదాని కింద ఒకటి క్షణంలో వచ్చి నిలుస్తాయి. ఏ సారం ఏ సంప్రదాయానిదో కొన్ని చోట్ల రాసి ఉంటుంది, చాలా చోట్ల ఉండదు. బహువచనం వింతగా ఉందని చదువరికి తోచేలోపే ఆ వింతకు రెండు సమాధానాలు కళ్ల ముందుంటాయి. సందేహం తనదిగా పుట్టకముందే సమాధానం చేరితే, ఆ సమాధానం జ్ఞాపకంలో ఒక సమాచారంగా ఉంటుంది, అంతే. తరువాత ఎవరైనా అడిగితే అద్వైతం ఇలా అంటుంది, విశిష్టాద్వైతం అలా అంటుంది అని చెప్పగలుగుతారు. ఈ రెండింటిలో ఏది నమ్మాలో అని ఒక్క రాత్రయినా నిద్ర చెడగొట్టుకొని ఉండరు. ఆధ్యాత్మిక గ్రంథాన్ని చదవడంలో ఆ నిద్రలేమికి ఉన్న విలువ నా దృష్టిలో చాలా పెద్దది.

అచ్చు పుస్తకంలో కూడా వ్యాఖ్యానం పక్కనే ఉంటుంది కదా అని అడగవచ్చు. ఉంటుంది. అయితే ఒక పుస్తకంలో ఒక వ్యాఖ్యానమో రెండో ఉంటాయి. దాన్ని రాసినవారెవరో, ఏ దర్శనానికి చెందినవారో ముఖపత్రమే చెబుతుంది. మూలం మాత్రమే ఉన్న చిన్న పుస్తకమైతే ఇంకా మంచిది, ఎందుకంటే సందేహం వచ్చాక లేచి వెళ్లి మరో పుస్తకం తెచ్చుకోవాలి, లేదా ఎవరినైనా అడగాలి, లేదా మరునాటి దాకా ఆగాలి. ఆ శ్రమలో కొన్ని సందేహాలు వాటంతట అవే తీరిపోతాయి, కొన్ని తేలికవని బయటపడతాయి, మిగిలినవి పదునెక్కుతాయి. పదునెక్కిన సందేహంతో భాష్యం తెరిచినవారికి భాష్యకారుడు ఏ పూర్వపక్షంతో, అంటే ఏ ఎదుటి వాదంతో, పోరాడుతున్నాడో తెలుస్తుంది, ఆ పూర్వపక్షం అప్పటికే తమ మనసులో కొంత నిలబడి ఉంటుంది గనుక.

శ్లోకాన్ని దాని చోటు నుంచి విడదీయడం ఇంటర్నెట్ అధ్యయనంలో కనిపించే మరో బలహీనత. గీత రెండో అధ్యాయంలోని ‘కర్మణ్యేవాధికారస్తే’ అన్న శ్లోకాన్ని వెతికితే ఆ ఒక్క శ్లోకమే, తరచుగా అందమైన చిత్రం మీద, వస్తుంది. చాలా చోట్ల మొదటి పాదాలతోనే సరిపెడతారు. చివరి పాదంలో పని చేయకపోవడం మీద కూడా ఆసక్తి వద్దన్న హెచ్చరిక ఉందని గమనించేవారు తక్కువ. పుస్తకం తెరిస్తే దానికి పైన 46వ శ్లోకం ఉంటుంది: అంతటా నీరు పొంగి ఉన్నప్పుడు బావితో ఎంత ప్రయోజనమో, తెలిసిన బ్రాహ్మణునికి సమస్త వేదాలలోనూ అంతే ప్రయోజనమన్న సాహసమైన మాట. కింద 48వ శ్లోకంలో సమత్వమే యోగమన్న నిర్వచనం ఉంటుంది. ఈ రెండింటి మధ్య నిలిపి చదివితే 47వ శ్లోకం ఉద్యోగధర్మం గురించిన హితవాక్యంగా మిగలదు. ఫలాన్ని ఆశించి చేసే కర్మకాండను విమర్శిస్తూ మొదలై యోగం వైపు తిరిగిన ఒక వాదంలో అది మలుపు అని తెలుస్తుంది. ఇంటర్నెట్‌లో ముందు వెనుక శ్లోకాలు చూసే వీలు లేదని నేను అనను. వీలున్నా చూడాలన్న ప్రేరణ లేదు, ఎందుకంటే వెతికింది దొరికిందన్న తృప్తి అక్కడే కలుగుతుంది. పుస్తకంలో పక్క శ్లోకం కంటికి తగలకుండా తప్పించుకోవడమే కష్టం.

పాఠం, అంటే గ్రంథంలోని మాటల రూపం, సరైనదా కాదా అన్న విషయంలో నా పట్టుదల ఇంకా ఎక్కువ. గీత 13వ అధ్యాయంలో కొన్ని ప్రతులు ‘ప్రకృతిం పురుషం చైవ’ అన్న అర్జునుని ప్రశ్నను చేర్చుకొని 35 శ్లోకాలు చూపుతాయి. కొన్ని దాన్ని చేర్చకుండా 34 చూపుతాయి. అందువల్ల ‘క్షేత్రజ్ఞం చాపి మాం విద్ధి’ అన్న శ్లోకం ఒక ప్రతిలో 13.2, మరో ప్రతిలో 13.3 అవుతుంది. మంచి ముద్రణలో సంపాదకులు తాము ఏ పాఠాన్ని తీసుకున్నారో పీఠికలో చెబుతారు. ఇంటర్నెట్‌లో ఒక పుట నుంచి శ్లోకసంఖ్యను, మరో పుట నుంచి భాష్యాన్ని తీసుకున్నవారు 13వ అధ్యాయమంతా ఒక అంకె తేడాతో చదువుకుపోయే అవకాశం ఉంది, ఆ తేడా ఎక్కడ మొదలైందో ఎవరూ చెప్పరు. విసర్గ స్థానంలో కోలన్ గుర్తు, ఎగిరిపోయిన అవగ్రహం (లోపించిన అకారాన్ని చూపే గుర్తు), మకార యకారాల తారుమారు, అల్పప్రాణమైపోయిన మహాప్రాణం తెలుగు లిపిలోని సంస్కృత పాఠాలలో తరచుగా కనిపించే దోషాలు. ఒక చోట టైపు చేసిన పాఠాన్ని పది చోట్ల అతికించడం వల్ల అవి పది చోట్లా స్థిరపడతాయి. పాత అచ్చు పుస్తకాలలో దోషాలు లేవని కాదు. వాటి చివర తప్పొప్పుల పట్టిక ఉండేది. ఏ పుట, ఏ పంక్తి, తప్పు ఏది, ఒప్పు ఏది అని పాఠకునికి చెప్పుకొనే ఆ ఒక్క పుట పట్ల నాకు ఎంతో గౌరవం. తన పొరపాట్లను అలా వరసగా ప్రకటించే వెబ్‌పుటలు అరుదు.

లేని మాటలు గ్రంథాల పేరుతో తిరగడం కూడా ఇందులో భాగమే. జరిగింది మంచికే జరిగింది, జరుగుతున్నది మంచికే జరుగుతున్నది అని సాగే ‘గీతాసారం’ గీత 700 శ్లోకాలలో ఎక్కడా లేదు. న్యాయంగా చెప్పాలంటే దీన్ని మొదట వ్యాపింపజేసింది గోడపటాలూ క్యాలెండర్లే, అంటే అచ్చే. ఇంటర్నెట్ దానికి వేగాన్ని మాత్రమే ఇచ్చింది. ఇటీవల అడిగిన వెంటనే జవాబు అల్లి ఇచ్చే యంత్రాలు మరో ప్రమాదాన్ని తెచ్చాయి: లేని వాక్యాన్ని అధ్యాయసంఖ్యతో, శ్లోకసంఖ్యతో సహా చూపగలవు. ఇంట్లో మూలగ్రంథం ఉన్నవారు దాన్ని నిమిషంలో పట్టుకుంటారు.

ఇంటర్నెట్ చేసిన మేలును తక్కువ చేసి చెప్పడం అన్యాయం అవుతుంది. ఆ మేలులో కొంత భాగం అచ్చు ఎన్నటికీ చేయలేనిది. నాలుగో శతాబ్దపు గ్రీకు బైబిల్ ప్రతి కోడెక్స్ సైనైటికస్ పుటలు బ్రిటన్, జర్మనీ, రష్యా, ఈజిప్టులలోని నాలుగు సంస్థలలో చెదిరి ఉన్నాయి. 2009లో అవి ఇంటర్నెట్‌లో ఒక్కచోట చేరాయి. పాళీ భాషలోని బౌద్ధ ఉపదేశాలైన సుత్తాలను చైనీస్‌లో వాటికి సమాంతరమైన ఆగమాలతో పోల్చి చూడాలంటే ఒకప్పుడు పెద్ద గ్రంథాలయాలు కావలసి వచ్చేది. 2005లో మొదలైన సుత్తసెంట్రల్ వెబ్‌సైట్ ఆ పోలికను అందరికీ అందుబాటులోకి తెచ్చింది. కంప్యూటర్లలో అక్షరాలకు సంఖ్యలిచ్చే యూనికోడ్ ప్రమాణంలో భారతీయ లిపులకు ఒకే వరుసలో స్థానాలు కేటాయించడం వల్ల దేవనాగరిలో ఉన్న పాఠాన్ని తెలుగు లిపిలోకి మార్చుకోవడం తేలికైంది. దేవనాగరి రాదన్న కారణంతో ఆగిపోయిన తెలుగు చదువరికి ఇది చిన్న వరం కాదు. చూపు తగ్గినవారు అక్షరాన్ని పెంచుకోగలరు, చూపు లేనివారు చదివించుకొని వినగలరు. వీరికి అచ్చు పుస్తకమే గొప్పదని చెప్పడానికి ఎవరికీ అధికారం లేదు.

పదాన్ని వెతికే సౌకర్యం మాత్రం అందరూ అనుకున్నంత నమ్మదగినది కాదు. పుణేలోని భండార్కర్ ప్రాచ్యవిద్యా సంస్థ 1919లో మొదలుపెట్టి 1966లో 19 సంపుటాలుగా పూర్తిచేసిన మహాభారత సంశోధిత ప్రతికి (రాతప్రతులను పోల్చి నిర్ణయించిన పాఠానికి) కంప్యూటర్‌లో వెతకదగిన యంత్రపాఠం ఉంది. అంత గ్రంథంలో ఒక మాట ఎక్కడెక్కడ వచ్చిందో చూడడం నిజంగా అద్భుతమే. కానీ సంస్కృతంలో సంధి వల్ల మాట రూపం మారిపోతుంది. ‘ఆత్మా’ అని వెతికేవారికి ‘నాత్మా’, ‘ఏవాత్మా’ దొరకకుండా తప్పించుకోవచ్చు. తెలుగు లిపిలో ‘సంగ’ అని ఒకరు, ‘సఙ్గ’ అని మరొకరు రాస్తారు. దొరకనంత మాత్రాన గ్రంథంలో లేదనుకునే చదువరి మోసపోతారు. పైగా సుమారు 1,259 రాతప్రతులను పరిశీలించి ఆ సంపాదకులు అడుగున ఇచ్చిన పాఠభేదాల కోసం మళ్లీ ముద్రిత సంపుటాలనో, వాటి స్కాన్‌లనో ఆశ్రయించవలసిందే. స్కాన్ చేసిన పుస్తకమంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం ఉన్నది ఇందుకే. అది ఇంటర్నెట్ ద్వారా వస్తుంది, అయినా ముఖపత్రం, పీఠిక, తప్పొప్పుల పట్టికతో సహా పుస్తకంగానే ఉంటుంది.

వేగం మాట వచ్చింది గనుక ప్రవచనాల గురించి చెప్పాలి. వీడియోలో ప్రవచనాన్ని ఒకటిన్నర రెట్లు, రెండింతల వేగంతో వినడం ఇప్పుడు చాలామందికి అలవాటు. వక్త ఒక శ్లోకం చెప్పి ఆగినప్పుడు ఆ మౌనం శ్రోత కోసమే. వేగం పెంచినవారు మొదట పోగొట్టుకొనేది ఆ మౌనాన్నే. ఉచ్చారణ శాస్త్రగ్రంథమైన పాణినీయ శిక్ష అధములైన పాఠకులను ఆరుగురిగా లెక్కించింది: రాగం తీసేవాడు, తొందరగా చదివేవాడు, తల ఊపేవాడు, రాసిపెట్టినది చూసి చదివేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు బలం లేనివాడు. ఈ జాబితాను అచ్చు పుస్తకాభిమానులు కూడా శ్రద్ధగా చదవాలి. తొందరపడేవానితో పాటు పుస్తకం చూసి చదివేవానికి కూడా అందులో చోటు దొరికింది. పదాలను రకరకాల వరుసలలో తిప్పి చెప్పే పదం, క్రమం, జట, ఘనం వంటి పాఠక్రమాలతో వేదాన్ని నోటితో కాపాడినవారి దృష్టిలో పుస్తకమే ఒక అడ్డదారి. స్వరం విషయంలో వారి మాట నేటికీ సత్యం: యజుర్వేదంలోని తైత్తిరీయాన్ని అచ్చులో స్వరాన్ని సూచించే గీతల సాయంతో నేర్చుకోలేము, మంచి గురువు దొరకనప్పుడు ఇంటర్నెట్‌లోని శుద్ధమైన పారాయణం అచ్చు కంటే ఎన్నో రెట్లు నయం.

కాబట్టి పుస్తకాన్ని సనాతనమైన సాధనంగా నేను సమర్థించడం లేదు. అదీ ఒక కాలంలో కొత్త వేగమే. అయితే అచ్చు దాదాపు అయిదు శతాబ్దాలలో తన వేగాన్ని అధ్యయనానికి లోబరచుకొంది. వెనిస్‌లో డేనియల్ బాంబర్గ్ 1520–23లో యూదుల ధర్మగ్రంథమైన తాల్ముద్‌ను పూర్తిగా ముద్రించినప్పుడు ఏర్పడిన పుటసంఖ్యలనే యూదులు ఇవాళ్టికీ వాడుతున్నారు. మూలం మధ్యలో, వ్యాఖ్యానాలు ఇరువైపులా ఉండే ఆ పుట తరతరాల చదువుకు స్థిరమైన చోటుగా మారింది. తెరకు అలాంటి స్థిరత్వం ఇంకా రాలేదు. పాబ్లో డెల్గాడో, ఆయన సహపరిశోధకులు 2018లో ప్రచురించిన సమీక్ష 54 అధ్యయనాలను, 1,70,000 మందికి పైగా పాఠకుల ఫలితాలను కలిపి చూసి, సమాచార వచనాన్ని కాగితం మీద చదివినవారికే అవగాహన మెరుగ్గా ఉందనీ, సమయం పరిమితమైనప్పుడు ఆ తేడా పెరిగిందనీ, కథల విషయంలో మాత్రం తేడా కనిపించలేదనీ చెప్పింది. ఆధ్యాత్మిక గ్రంథాలను అది విడిగా పరిశీలించలేదు గనుక దాన్ని నా పక్షాన సాక్ష్యంగా మరీ సాగదీయను. తొందర ఉన్నచోట తెర ఎక్కువ నష్టం చేస్తుందన్న భాగం మాత్రం నా అనుభవానికి సరిగ్గా సరిపోతుంది.

నా పద్ధతి చెబుతాను. ఏ గ్రంథం చదువుతున్నా మూలం అచ్చులో ఉండాలి, ఒకే ప్రతి ఉండాలి, చదివేటప్పుడు ఫోను మరో గదిలో ఉండాలి. సందేహాన్ని పుట అంచున పెన్సిల్‌తో ప్రశ్నగా రాస్తాను. వెంటనే వెతకను, తరువాత భాగం చదివి, మళ్లీ వెనక్కు వచ్చి, అప్పటికీ ఆ ప్రశ్న నిలిచి ఉంటే భాష్యం తెరుస్తాను. భాష్యం అచ్చులో దొరకకపోతే స్కాన్ చేసిన ప్రతి కోసం ఇంటర్నెట్‌కు వెళతాను, ఆ ఒక్క పని ముగించుకొని బయటకు వస్తాను. కొన్నేళ్ల తరువాత అదే పుట తెరిస్తే పాత ప్రశ్నలలో కొన్ని చిన్నపిల్లల ప్రశ్నలుగా కనిపిస్తాయి, కొన్ని అప్పటికంటే లోతుగా గుచ్చుకుంటాయి. వెతికిన చరిత్రలో నుంచి ఇది తెలియదు, ఎందుకంటే అక్కడ ప్రశ్న పుట్టిన శ్లోకం పక్కన ఉండదు.

పుస్తకాలు దొరకని చోట ఉన్నవారు, తెర మీద తప్ప చదవలేనివారు చాలామంది. వారి అధ్యయనం తక్కువదని నేను అనుకోను, వారికి ఇంకా మంచి సాధనం దక్కాలని కోరుకుంటాను. ఆధ్యాత్మిక గ్రంథాలను ఇంటర్నెట్‌లో పెట్టేవారు నిజంగా పుణ్యకార్యం చేస్తున్నారు. వారిని మూడు విషయాలు అడుగుతున్నాను. పాఠం ఏ ముద్రణ నుంచి తీసుకున్నారో, సంపాదకులెవరో, ఏ సంవత్సరమో మొదటి పంక్తిలో రాయండి. సరిదిద్దిన ప్రతి దోషాన్నీ తేదీతో సహా ఒకచోట చూపించండి. మూలం తెరిచినవారికి మొదట మూలం మాత్రమే, ముందు వెనుక శ్లోకాలతో కలిపి కనిపించాలి. వ్యాఖ్యానం చదువరి కోరినప్పుడే, వ్యాఖ్యాత పేరుతో తెరుచుకోవాలి. ఈ మూడింటిలో సాంకేతికంగా కష్టమైనది ఒక్కటీ లేదు.